నేటాలు తెలుగువారి కాపరి జాన్ రంగయ్యగారు



మన బాప్తిస్టు సంఘాల చరిత్ర చెప్పుకొనేటప్పుడు శామ్యూల్ డే దొరగారిని, జూయెట్ దొరగారిని, ఒంగోలు క్లౌ దొరగారిని తప్పక తలుచుకొంటాం. వారు సముద్రం దాటి మన దగ్గరికి వచ్చినవారు. మన దగ్గర నుండి సముద్రం దాటి వెళ్ళినవారి మాట వస్తే మొదట చెప్పవలసిన పేరు జాన్ రంగయ్యగారిది. తెలుగు సంఘాలు తమ సొంత కానుకలతో పరదేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే. 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళారు. 1915లో మరణించేవరకు అక్కడి మనవారి మధ్యనే పనిచేశారు. ఈ పత్రిక అందుకొనే కుటుంబాలన్నీ ఏదో ఒక విధంగా రెండు దేశాలలో బ్రతుకుతున్నవే గనుక, ఆయన జీవితాన్ని ఆ వైపు నుండి, అంటే విడిపోయిన కుటుంబాల వైపు నుండి చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఆయన ఎవరికోసం వెళ్ళారో తెలియాలి.

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుండి ట్రూరో అనే ఓడ బయలుదేరింది. నవంబరు 16న అది డర్బన్ చేరింది. అందులో చెరకు తోటలలో పనికి కుదిరిన తెలుగువారు, తమిళులు ఉన్నారు. అది మొదలు 1911 వరకు లక్షా యాభై రెండు వేలమందికి పైగా భారతీయులు ఇలా ఒప్పందపు కూలీలుగా నేటాలు చేరారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి ఓడ ఎక్కినవారే. ఒప్పందం అయిదేళ్ళు. జీతం మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, తరువాత ఏటా ఒక షిల్లింగు పెంపు. ఆ 'అగ్రిమెంట్' అనే మాటే మనవారి నోట గిరిమిట్ అయ్యింది.

ఎందుకు వెళ్ళారు అంటే ఒక్క మాటలో కరువు. 1876లో పట్టిన కరువును మన పెద్దలు ధాత కరువు అనేవారు. అది 1878 వరకు పీడించింది. ఆ కరువు చివరనే, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారని మనమందరం సంతోషంగా చెప్పుకొంటాం. చెప్పుకోవలసిందే. అయితే అదే కరువు, ఆ తరువాతి లేమి, మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల పేదలను మద్రాసు డిపోలకు కూడా నడిపించింది. వారిలో మన సంఘ విశ్వాసులు కూడా ఉన్నారు. నెల్లూరు నుండి మద్రాసుకు పెద్దదారి సూళ్ళూరుపేట, తడ, మా ఆరంబాక్కం, గుమ్మిడిపూండి మీదుగానే. 1899 నాటికి రైలు కూడా వచ్చేసింది. ఇప్పుడు మా ఊరి ముందు నుండి రాత్రింబగళ్ళు లారీలు పోయే ఆ దారి ఒకప్పుడు మూటలు నెత్తిన పెట్టుకొన్న మనుష్యులు పోయిన దారి.

మద్రాసులో ఓడ ఎక్కేముందు ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి రిజిస్టరులో రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామం, కులం, ఒంటిమీది పుట్టుమచ్చలు. ఇన్ని రాసిన గుమాస్తాలు మన ఇంటిపేరు అడగలేదు. తెలుగువానికి ఇంటిపేరు లేకపోతే బంధువులు ఎలా పోల్చుకొంటారు? ఒక గ్రామంలో వెంకటస్వాములు పదిమంది ఉంటారు. వారిని వేరుచేసేది ఇంటిపేరే. అది లేని ఉత్తరం ఊరిదాకా వచ్చినా గుమ్మం దొరకక తిరుగుతుంది. ఆ తరువాత తండ్రి పేరే నేటాలులో ఇంటిపేరుగా మారిపోయింది. అందుకే నేటికీ దక్షిణాఫ్రికాలో మనవారి ఇంటిపేర్లు చూస్తే అవి మన లెక్కకు ఎవరో ఒక తాతగారి పేర్లు.

ఉత్తరాల సంగతి ఇంకొంచెం చెప్పాలి. వెళ్ళినవారిలో ఎక్కువమందికి చదువు రాదు. ఇక్కడ ఉండిపోయిన తల్లిదండ్రులకూ రాదు. తోటలో చదువు వచ్చినవాడు ఒకడుంటే అతని చేత రాయించుకోవాలి. ఇక్కడ కరణమో బడిపంతులో చదివి వినిపించాలి. మేము ఉపాధ్యాయ శిక్షణలో పిల్లలకు లేఖారచన ఎలా నేర్పాలో నేర్చుకొన్నాం. పెద్దలకు రాసే ఉత్తరం ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, ఇక్కడ అందరం క్షేమం, మీ క్షేమం తెలుపగలరు అని నడిపించాలి. చక్కని పద్ధతే. కాని మరొకరి చేతితో రాయించి, మరొకరి నోట చదివించుకొనే ఉత్తరంలో ఆ క్షేమం తప్ప ఇంకేం రాయగలరు? మేస్త్రీ కొట్టాడని రాయిస్తే ఊరంతా వింటుంది. భార్యను తలుచుకొని రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదని రాయించడానికి ఏ మగవాడికి నోరు వస్తుంది? ఆ విధంగా ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, మనుష్యులు మాత్రం ఒకరికొకరు తెలియకుండా పోతుంటారు.

దీనికి చరిత్రలో సాక్ష్యం ఉంది. 1871లో నేటాలు నుండి కొందరు కూలీలు గడువు ముగించుకొని మద్రాసు తిరిగి వచ్చారు. వారు ఒడ్డున దిగి తమకు జరిగిన అన్యాయాలను అధికారుల ఎదుట స్వయంగా చెప్పుకొన్నారు. అప్పుడే 1872లో నేటాలులో విచారణ సంఘం కూర్చుంది. కొన్ని సవరణలు జరిగిన తరువాతే 1874లో ఓడలు మళ్ళీ కదిలాయి. అంతకుముందు పదేళ్ళు కాగితాలు చేయలేని పని ఆ మనుష్యుల ముఖాలు చేశాయి. యోహాను కూడా తన రెండవ పత్రిక ముగిస్తూ, చెప్పవలసినవి ఇంకా చాలా ఉన్నా వాటిని సిరాతో పెట్టక ఎదుటపడి మాట్లాడాలనే తన ఆశను తెలిపాడు. మూడవ పత్రికలోనూ అదే మాట. అపొస్తలుడికే ఉత్తరం చాలలేదు.

నేటాలు తోటలలోని మన బాప్తిస్టు విశ్వాసులు తమలో తాము కూడుకొని ప్రార్థించుకొంటూ వచ్చారు. అక్కడ ఇతర మిషనులు లేకపోలేదు. తెల్లవారి ఆలయాలున్నాయి. అయినా వారు నెల్లూరుకు కబురు పంపారు. తమకు తెలుగు కాపరి కావాలని అడిగారు. నేను ఈ సంగతి చదివిన ప్రతిసారీ ఆగి ఆలోచిస్తాను. నెలకు పది పన్నెండు షిల్లింగుల మీద బ్రతికేవారు స్వదేశానికి మొర పెట్టుకొంటే ఏమి అడగాలి? డబ్బు అడగవచ్చు. న్యాయం అడగవచ్చు. తమ భాషలో ప్రార్థించి, తమ ఊర్ల పేర్లు విని గుర్తుపట్టే మనిషిని అడిగారు.

ఆ పిలుపుకు జవాబిచ్చినది అమెరికా బోర్డు కాదు. తెలుగు బాప్తిస్టు హోమ్ మిషనరీ సొసైటీ, అంటే మన తెలుగు సంఘాలు తామే పెట్టుకొన్న సంస్థ. ఆనాటి సంఘాల స్థితి మీకు తెలుసు. వంటకు పెట్టే బియ్యంలో నుండి పిడికెడు తీసి పక్కన దాచి కానుకగా తెచ్చే స్త్రీలు, పంట వస్తే ఇచ్చి రాకపోతే ప్రార్థించే రైతుకూలీలు. అటువంటివారు కలిసి నాలుగు వేల మైళ్ళ అవతలికి ఒక కుటుంబాన్ని పంపి పోషిస్తామని పూనుకొన్నారు. దీనిని మన చరిత్రకారులు ఒక పేరాలో ముగిస్తారు. నా అభిప్రాయంలో గుండ్లకమ్మ బాప్తిస్మాల పక్కన పెట్టి చెప్పవలసిన సంగతి ఇది.

రంగయ్యగారు నెల్లూరు మిషను నీడలో ఎదిగి, చదువుకొన్నవారు. నెల్లూరు సంఘం అప్పటికి కొత్తది కాదు. డే దొరగారు మద్రాసులో మూడేళ్ళు ఉండి 1840లో ఈ దారినే నెల్లూరు చేరారు. ఆరోగ్యం చెడి 1845లో స్వదేశం వెళ్ళి, 1848లో తిరిగి బయలుదేరినప్పుడు ఆయన భార్యాపిల్లలను అమెరికాలోనే వదలి వచ్చారు. మన తొలి సంఘం అటువంటి ఎడబాటు మీద నిలిచినదని మనం తరచు మరచిపోతాం. రంగయ్యగారి తరం ఆ త్యాగఫలం తిన్న తరం. వారి వంతు వచ్చినప్పుడు ఆయన కుటుంబసమేతంగా బయలుదేరారు. భార్యాబిడ్డలు వెంట ఉన్నారు గనుక ఆయనకు ఎడబాటు లేదనుకోకండి. కూలీకి అయిదేళ్ళ గడువు ఉంది, పదేళ్ళు ఉంటే తిరుగు ప్రయాణానికి ఓడ ఖర్చు ఇచ్చే పద్ధతీ ఉంది. కాపరికి గడువు ఎక్కడిది? నెల్లూరులో ముసలివారు, అక్కచెల్లెళ్ళు, స్నేహితులు, పెన్నా ఒడ్డు, అన్నీ వెనుక విడిచారు.

1903లో ఆయన నేటాలు చేరారు. డర్బన్‌కు ఉత్తరాన, స్టాంగర్ పట్టణానికి దగ్గరలో కియర్స్నీ అనే చోట సర్ లీజ్ హ్యూలెట్ అనే పెద్ద ఆసామికి తేయాకు తోటలు ఉండేవి. అక్కడ మనవారు చాలామంది పనిచేసేవారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే కియర్స్నీలో తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. వచ్చిన ఏడాది తిరగకముందే సంఘం కట్టబడిందంటే ఆయన శక్తిని తక్కువ చేయను గాని, అక్కడి విశ్వాసులు ఎంతకాలంగా కాచుకొని ఉన్నారో కూడా దీనివల్ల తెలుస్తుంది. పొయ్యిలో నిప్పు ఆరకుండా కప్పిపెట్టి ఉంచినవారు వారు.

ఆయన వచ్చాడని తెలిసి తోటల నుండి వచ్చినవారు మొదట ఏమి అడిగి ఉంటారో ఊహించడం కష్టం కాదు. దూరదేశంలో మన ఊరి మనిషి కనబడితే మీరూ నేనూ అడిగేదే. ఫలానా గ్రామం తెలుసా, ఫలానా వారు బ్రతికి ఉన్నారా, ఈ ఏడు వానలు పడ్డాయా. ఆ ప్రశ్నలు అడగడానికి ఒక మనిషి దొరకడమే వారికి పెద్ద ఊరట.

అక్కడి పరిచర్య సులువైనది కాదు. ఒప్పందంలో ఉన్న కూలీ చీటీ లేకుండా తోట దాటి పోరాదు. దాటితే శిక్ష. గనుక మందను ఒకచోట చేర్చే వీలు తక్కువ. కాపరే తోట తోటకూ వెళ్ళాలి. వెళ్ళాలంటే యజమాని సమ్మతి కావాలి. వారమంతా సూర్యోదయం నుండి చీకటిపడే దాకా పని. మిగిలేది ఆదివారం. ఆ పరిస్థితిలో ఉత్తర తీరపు తోటల వెంబడి, తరువాత ఇతర చోట్ల కూడా చిన్న చిన్న సంఘాలు లేచాయి.

దీనిపైన మూడు పౌండ్ల పన్ను. 1895లో చేసిన చట్టం ప్రకారం, ఆ తరువాత వచ్చినవారు గడువు ముగిశాక మళ్ళీ ఒప్పందానికి కుదరకుండా, స్వదేశానికీ పోకుండా నేటాలులోనే ఉండదలిస్తే ఏటా మూడు పౌండ్లు కట్టాలి. మూడు పౌండ్లంటే అరవై షిల్లింగులు. మొదటి ఏటి కూలీ జీతంలో ఆరు నెలల సొమ్ము. భార్యకూ కట్టాలి, పదహారు నిండిన కొడుకుకూ, పదమూడు నిండిన కూతురికీ కట్టాలి. ఇంటికి పంపాలని దాచిన డబ్బు పన్నుకే పోయేది. డబ్బు పంపలేనివాడు సిగ్గుపడి ఉత్తరం కూడా మానేస్తాడు. ఇది నేటాలులోనే కాదు, మన కాలంలో గల్ఫు దేశాలకు పోయినవారిలోనూ చూస్తున్నాం. మనవాడు మరచిపోయాడని ఇక్కడివారు అనుకొంటారు. అక్కడ అతడు చేతిలో రూకలు పడితే రాద్దామని ఒక్కొక్క నెలే వాయిదా వేస్తుంటాడు.

1913 మార్చిలో మరొక దెబ్బ తగిలింది. కేప్ టౌన్‌లో న్యాయమూర్తి సెర్ల్ ఇచ్చిన తీర్పు వల్ల, క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని భారతీయుల పెండ్లిండ్లు చెల్లవన్నట్లయ్యింది. మన సంఘాలలో జరిగిన వివాహాలకు ఆ చిక్కు లేకపోవచ్చు. కాని పక్క గుడిసెలోని అక్క, వరుసైన బావ, వారి బిడ్డలు? ఒక్క కాగితంతో భార్య భార్య కాకుండా పోయింది. గాంధీగారి నాయకత్వాన ఆ సంవత్సరం జరిగిన సమ్మె నవంబరు నాటికి తీరపు చెరకు తోటలకూ పాకింది. మరుసటి ఏడు, 1914లో, మూడు పౌండ్ల పన్ను రద్దయ్యింది, వివాహాలకు గుర్తింపు వచ్చింది.

ఈ గడబిడల మధ్య మరొకటి పెద్దగా ఎవరూ గమనించకుండా జరిగింది. 1911 జూలైలో భారత ప్రభుత్వం నేటాలుకు ఒప్పందపు కూలీలను పంపడం ఆపివేసింది. మంచి పనే. ఆ పద్ధతి ఆగవలసిందే. కాని అంతవరకు వచ్చిన ప్రతి ఓడలోనూ ఏదో ఒక ఊరి మనిషి దిగేవాడు. మీ అన్నకు కూతురు పుట్టింది, మీ అమ్మ కాలం చేసింది, గుడి వెనుక చింతచెట్టు గాలికి పడిపోయింది అని చెప్పేవాడు. ఆ ఓడలు ఆగిన తరువాత నోటి కబురు కూడా ఆగింది. ఇక మిగిలినది కాగితమే.

కాగితం మీద నడిచే సంబంధం ఎంత పలచనిదో రంగయ్యగారి జీవితం చివరలోనే తెలిసింది. నెల్లూరు సొసైటీకీ నేటాలు పరిచర్యకూ మధ్య ఎడం ఏర్పడింది. 1914లో నేటాలు సంఘాలు రెండుగా చీలాయి. ఒక వర్గం స్వదేశపు సొసైటీతో నిలిచింది. రంగయ్యగారి పక్షం నేటాలు ఇండియన్ బాప్తిస్టు అసోసియేషన్ అనే పేరుతో వేరుగా నిలబడింది. తప్పు ఎవరిదనే లెక్క నేను వేయబోను. సంఘ పెద్దగా నేనూ కమిటీలలో కూర్చున్నవాణ్ణి. ఒక కమిటీ ఒక ఉత్తరం చదివి తీర్మానం చేసి పంపుతుంది. అది చేరడానికి వారాలు పడుతుంది. దాని జవాబు రావడానికి మళ్ళీ వారాలు. ఈలోపల అక్కడ సంగతులు మారిపోయి ఉంటాయి. రాసినవాడి గొంతు ఎలా ఉందో చదివేవాడికి వినబడదు. కోపం లేని మాటకు కోపం అంటుకొంటుంది. డబ్బు లెక్కల ఉత్తరాలలో అయితే మరీను. సంఘానికే ఇలా అయితే అన్నదమ్ములకు కాదా? పొలం పంపకాల ఉత్తరాలు ఎన్ని ఇళ్ళను విడదీశాయో మన ఊర్లలో అందరికీ తెలుసు.

రంగయ్యగారి గురించి రాసేటప్పుడు కొందరు ఈ చీలికను దాటవేస్తారు, సాక్ష్యం పాడవుతుందని. దాటవేయనక్కరలేదు. ఎడబాటుతో నలిగిన మనుష్యులను కాయడానికి వెళ్ళిన కాపరి చివరకు అదే ఎడబాటు బాధను తన సొంత సంఘం విషయంలో అనుభవించాడు. అయినా తోటలను విడిచి రాలేదు. చీలిన రెండు వైపులూ సంఘాలు నిలిచాయి, ఆరాధన ఆగలేదు. నేటికీ ఆ రెండు పాయల సంతతి సంఘాలు దక్షిణాఫ్రికాలో ఉన్నాయి.

1915లో రంగయ్యగారు నేటాలులోనే ప్రభువునందు నిద్రించారు. నెల్లూరు మట్టిలో కలవలేదంటే మనకు బాధగా ఉంటుంది. కాని పన్నెండేళ్ళు ఆయన ఎవరి మధ్య బ్రతికారో వారిలో అనేకులకూ అదే గతి. ఆయన ఇంటి తరువాతి తరంవారు కూడా నేటాలు సంఘాలలో కాపరులయ్యారు.

ఆ తరువాత అక్కడ భాష క్రమంగా జారిపోయింది. బడి ఇంగ్లీషు, పని ఇంగ్లీషు. 1931లో అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభ స్థాపించుకొని భాషను నిలబెట్టడానికి చాలా పాటుపడ్డారు. అయినా నేడు ఆరాధన ఎక్కువగా ఇంగ్లీషులోనే. మనలో కొందరు దీనికి తల ఊపి, మన పిల్లలూ అంతే అంటారు. నేను వారితో అంత తొందరగా ఏకీభవించను. వారు తెలుగు పోగొట్టుకొన్నా తాతల పేర్లను పోగొట్టుకోలేదు. గుమాస్తా తప్పుగా రాసినా ఆ పేర్లే మోస్తున్నారు.

ఆ గుమాస్తాలు రాసిన ఓడ రిజిస్టర్లు నేటికీ డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి. ఒకప్పుడు మనిషిని నంబరుగా మార్చిన ఆ పుస్తకాలే ఇప్పుడు మునిమనవలకు ఊరి దారి చూపుతున్నాయి. దక్షిణాఫ్రికాలో ఈ పత్రిక చదివే మనవారెవరైనా తమ పూర్వికుల నంబరు సంపాదించగలిగితే, దాని ఎదుట ఉన్న తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం, ఓడ పేరు, సంవత్సరం, అన్నీ ఉన్నది ఉన్నట్లు ఎక్కించుకొని పత్రికకు పంపండి. స్పెల్లింగు దిద్దకండి. దిద్దితే అసలుకే మోసం వస్తుంది. ఇంగ్లీషులో ఎంత వంకరగా ఉన్నా, నెల్లూరు నుండి గుమ్మిడిపూండి వరకు ఉన్న ఊర్ల పేర్లయితే గట్టిగా రెండుసార్లు చదివి వినిపిస్తే పోల్చుకోగల పెద్దలు మా వైపు ఇంకా ఉన్నారు.